చేపల బజారు: ఒడ్డు సరుకు వేరు, లోతు సరుకు వేరు
తేదీ, లోతు, మంచు చూసి ధర కట్టాలి

ఏటా ఏప్రిల్ 14వ తేదీ అర్ధరాత్రితో ఆంధ్ర తీరంలో మరబోట్ల వేట ఆగిపోతుంది. తిరిగి జూన్ 15న బోట్లు సముద్రంలోకి బయలుదేరతాయి. తొలి బోట్లు ఒడ్డుకు చేరినది మొదలు విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం హార్బర్లలో పాటలు జోరందుకుంటాయి. రెండు మాసాలు ఖాళీగా వున్న లారీలు, మంచు ఫ్యాక్టరీలు, కోల్డు స్టోరేజీలు ఒక్కసారిగా పనిలో పడతాయి. ఈ తొలి పక్షం రాబడిని చూసి సీజన్ అంతటికీ ధర అంచనా కట్టడం, దానినిబట్టి దూరపు బజార్లకు మాట ఇచ్చేయడం వర్తకులలో కొందరికి అలవాటు. ఆ అంచనా ఆగస్టు నాటికి తారుమారు కావడం కూడా అంతే అలవాటు.

ఇందుకు కారణం ఒక్కటే. వడ్లు, మిరప, పొగాకు వలె సముద్రపు చేప ఒక్క సరుకు కాదు. ఒకే హార్బరులో, ఒకే ఉదయం, పక్కపక్క బుట్టలలో వున్న చేపలు రెండు వేర్వేరు వేటలకు చెందినవై వుంటాయి. ఒకటి ఒడ్డుకు దగ్గరలో పట్టి పూట తిరగకముందే తెచ్చినది. రెండవది దూరపు నీటిలో పట్టి పది రోజులకు పైగా మంచులో పెట్టి తెచ్చినది. ఈ రెండింటి సీజన్లు వేరు, ఖర్చులు వేరు, కొనుగోలుదారులు వేరు. ఎక్కడ పట్టినది, ఎన్నాళ్ళ కిందట పట్టినది, ఏ నెలలో పట్టినది అనే మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన వర్తకుడికే ధర తెలుస్తుంది.

ఒడ్డు వేట

ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. దాని కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపలి నీరు తెప్పలకు, నావలకు, సంప్రదాయ మత్స్యకారులకు కేటాయించారు. ట్రాల్ వల లాగే మరబోట్లు ఆ గీత దాటి బయటనే వేటాడాలి. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల మీద మత్స్యకార గ్రామాల మధ్య తలెత్తిన వివాదం కూడా ఈ గీత చుట్టూ తిరిగినదే. గీత లోపల ఎవరు, ఏ వలతో పడతారన్నది గ్రామాల బతుకుకు సంబంధించిన విషయం. వర్తకుడికి అది రాబడికి సంబంధించిన విషయం కూడా.

ఒడ్డు వేటలో ప్రధానంగా వచ్చేవి కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, గొరకలు, పారలు, చిన్న రకం రొయ్యలు. వీటిలో కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు గుంపులుగా తిరిగే చేపలు. గుంపు దొరికితే పడవలు నిండిపోతాయి, దొరక్కపోతే వల ఖాళీగా తిరిగి వస్తుంది. అందుచేత ఈ సరుకు ధరలో రోజుకూ రోజుకూ పొంతన వుండదు. ఉదయం ఆరు గంటలకు బిగువుగా పలికిన కానాగంతలు తొమ్మిది గంటలకు మరో పది పడవలు చేరితే సగానికి దిగిపోయే సందర్భాలు వుంటాయి. ఈ సరుకుకు నిల్వ గుణం తక్కువ. నూనె ఎక్కువగా వున్న చేప త్వరగా చెడుతుంది. ఒడ్డు సరుకులో లాభం వేగంలో వుంటుంది గాని నిల్వలో వుండదు.

చంద్రుడి లెక్క కూడా ఈ వేటకు వుంది. తేలుడు వలలు వేసేవారికి చీకటి రాత్రులు అనుకూలం. వెన్నెల రాత్రి చేప వలను పసిగట్టి తప్పుకుంటుంది. అందుచేత అమావాస్యకు అటూ ఇటూ ఈ వలల రాబడి పెరగడం, పౌర్ణమి రోజుల్లో మందగించడం తీరమంతటా ఎరిగిన సంగతి. పక్షానికి పక్షం సరుకు ఒప్పుకునే వర్తకులు ముందుగా పంచాంగం చూసుకోవడం మంచిది.

లోతు వేట

లోతు వేటకు పోయే మరబోట్లు రెండు వారాల దాకా సముద్రంలోనే వుంటాయి. బయలుదేరే ముందే డీజిలు, మంచు, మంచినీళ్ళు, సరంగు, కలాసీల భోజన సామగ్రి ఎక్కించాలి. ఇందులో డీజిలుదే పెద్ద వాటా. చేప పడినా పడకపోయినా ఈ ఖర్చు తప్పదు. ఈ కారణంగానే లోతు సరుకు ధర ఒక స్థాయికి దిగువన ఎక్కువ రోజులు నిలవదు. గిట్టుబాటు కాకపోతే బోటు యజమానులు బోటును హార్బరులోనే వుంచేస్తారు. రాబడి తగ్గి ధర మళ్ళీ లేస్తుంది.

ఈ వేటలో వచ్చేవి వంజరం, చందువాలు, పెద్ద రొయ్యలు, సావిడాయలు, తూర చేపలు, సొరలు. వంజరాన్ని ఉత్తరాంధ్రలో కోనాం అంటారు. సావిడాయలనే ఎగుమతిదారులు రిబ్బన్ చేప అంటారు. ఇవి గడ్డకట్టించి చైనా వంటి దేశాలకు పంపే సరుకు. వంజరం, తెల్ల చందువా హోటళ్ళకు, పెద్ద నగరాలకు పోతాయి. వీటి ధర రాబడి కన్నా సైజును బట్టి నడుస్తుంది. కిలోకు మూడు తూగే చందువాకూ, ఒక్కటే కిలో తూగే చందువాకూ ఒకే పేరు వున్నా ఒకే బజారు లేదు.

లోతు వేటకు విశాఖ చాలాకాలం ముఖ్య స్థావరంగా నిలిచింది. 1980లలో పెద్ద ట్రాలర్లు ఇక్కడి నుంచి హుగ్లీ ముఖం ఎదుటి శాండ్‌హెడ్స్ వరకు పోయి రొయ్య పట్టేవి. ఒకే సరుకు మీద, ఒకే మెరక మీద అన్ని ఓడలూ పడటంతో 1990లలో ఆ వ్యాపారం దెబ్బతిన్నది. 1991లో విదేశీ భాగస్వామ్యంతో లోతు వేటకు అనుమతించిన విధానంపై దేశమంతటా మత్స్యకారులు ఆందోళన చేశారు. మురారి కమిటీ నివేదిక తరువాత ఆ విధానాన్ని కేంద్రం ఉపసంహరించుకున్నది. 2025 నవంబరులో కేంద్రం ప్రకటించిన కొత్త నిబంధనలు దూరపు నీటిలో వేటకు సహకార సంఘాలకు ప్రాధాన్యం ఇచ్చాయి. మరబోట్లకు అనుమతి పత్రం తప్పనిసరి చేశాయి. సరుకు ఎక్కడ పట్టినదో కాగితం చూపవలసిన ఎగుమతిదారులకు ఈ పత్రం ముఖ్యం.

రెండు తీరాల తేదీలు

ధరలను అన్నిటికన్నా స్పష్టంగా నడిపించేది వేట విరామ కాలం. తూర్పు తీరంలో ఇది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. 2015కు ముందు ఇది మే 31తో ముగిసేది, అంటే 47 రోజులే వుండేది. పశ్చిమ తీరంలో విరామం జూన్ 1 నుంచి జూలై 31 వరకు, అదీ 61 రోజులే. కేరళ తన తీర జలాల్లో జూన్ 9 అర్ధరాత్రి నుంచి జూలై 31 వరకు 52 రోజులపాటు ట్రాలింగును నిలుపుతుంది.

ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే వర్తకానికి మూడు భాగాలు కనిపిస్తాయి. మొదటిది ఏప్రిల్ 15 నుంచి మే 31 వరకు. తూర్పు మూసి వుంటుంది, పశ్చిమం తెరిచి వుంటుంది. మంగుళూరు, మల్పె, కొచ్చి వైపు సరుకు ఈ నెలల్లో తూర్పుకు దిగుతుంది. ఇక్కడ విరామం వున్నది గదా అని ధర ఎంతైనా పెరుగుతుందని నిల్వ పట్టినవారికి ఆ లారీలు అడ్డుపడతాయి.

రెండవది జూన్ 1 నుంచి 14 వరకు, పధ్నాలుగు రోజులు. దేశపు రెండు తీరాలకూ విరామం వర్తించే రోజులు ఇవే. మోటారు లేని తెప్పలు, నావలు తెచ్చే కొద్దిపాటి సరుకు, కేరళలో మొదటి వారం తీర జలాల సరుకు, కోల్డు స్టోరేజీల నిల్వలు తప్ప బజారుకు ఆధారం వుండదు. ధరలు బిగిసేది ఈ రోజుల్లోనే. ఏప్రిల్ తొలి పక్షంలో మంచి సరుకు కొని గడ్డకట్టించి వుంచినవారికి అమ్ముకునే అదను కూడా ఇదే.

మూడవది జూన్ 15 నుంచి జూలై 31 వరకు, 47 రోజులు. తూర్పు తెరుచుకుంటుంది, పశ్చిమం మూసే వుంటుంది. ఇక్కడి కవళ్ళకు, కానాగంతలకు కేరళ నుంచి గిరాకీ వస్తుంది. మన హార్బర్లలో రాబడి జోరుగా వున్నా ధర పడిపోకుండా నిలబెట్టేది ఈ పడమటి కొనుగోళ్ళే. ఆగస్టు 1న అక్కడి బోట్లు బయలుదేరాయంటే ఆ గిరాకీ సడలుతుంది. జూలై ధర చూసి ఆగస్టు, సెప్టెంబరు సరుకుకు మాట ఇచ్చినవారు ఇక్కడే చిక్కుకుంటారు. చేప తగ్గలేదు, నాణ్యత మారలేదు. మారినది తేదీ ఒక్కటే.

మృగశిర గిరాకీ

సముద్రపు లెక్కకు తోడు తినేవారి లెక్క ఒకటి వుంది. తెలంగాణలో మృగశిర కార్తె ప్రవేశించే రోజున చేప తినడం ఇంటింటి ఆచారం. అది జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. హైదరాబాదులోని రాంనగర్, ముషీరాబాద్ చేపల మార్కెట్లలో ఏడాది మొత్తంలో అత్యధిక రద్దీ వుండే రోజుల్లో అదొకటి. సరిగ్గా ఆ సమయానికి సముద్రం మూసి వుంటుంది. ఆ గిరాకీని తీర్చేది సముద్రం కాదు. కృష్ణా, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల చెరువుల బొచ్చె, రోహు చేపలు, తెలంగాణ జలాశయాల చేపలు ఆ రోజు బజారును నింపుతాయి. మృగశిర ధర చూసి వారం తరువాత వచ్చే సముద్రపు సరుకుకు అదే ధర పలుకుతుందనుకోవడం పొరపాటు. కార్తె వెళ్ళగానే కొనుగోళ్ళు మామూలు స్థాయికి దిగుతాయి. తరువాత కొద్ది రోజులకే హార్బర్లు తెరుచుకుంటాయి.

శ్రావణ మాసంలో, కార్తీక మాసంలో, అయ్యప్ప దీక్షల కాలంలో తెలుగు జిల్లాల్లో మాంసాహార గిరాకీ మందగిస్తుంది. దసరా రోజుల్లో దుర్గాపూజ సందర్భంగా కలకత్తా గిరాకీ ఇందుకు విరుద్ధంగా పుంజుకుంటుంది. ఇక్కడ అమ్ముడుపోని చందువాకు హౌరా బజారులో కొనుగోలుదారుడు వుంటాడు. ఏ నెలలో ఏ దిక్కుకు లారీ తిప్పాలో తెలియడం ఈ వ్యాపారంలో సగం పని.

వరద నెలలు

జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరి, కృష్ణ వరద నీరు సముద్రంలో కలుస్తుంది. ఎర్రని ఒండ్రు నీరు తీరం వెంబడి పరచుకుంటుంది. ఈ నీటితో చేపకు, రొయ్యకు మేత పెరుగుతుంది. కాకినాడ సమీపాన కోరింగ మడ అడవుల కాలువల్లో, కయ్యల్లో పెరిగిన రొయ్య పిల్లలు పెద్దవై సముద్రంలోకి దిగుతాయి. రొయ్య రాబడికి వర్షాకాలం, దాని వెనుక నెలలు ముఖ్యం కావడానికి కారణం ఇదే. వానలు తక్కువై నదిలో నీరు సముద్రం దాకా పోని ఏడు, ఆ లోటు కొన్ని నెలల తరువాత రొయ్య బుట్టలో కనిపిస్తుంది. ధవళేశ్వరం వద్ద వరద ఎంత వున్నదో రైతు ఒక్కడే కాదు, రొయ్యల వర్తకుడూ కనిపెట్టి వుండాలి.

అయితే సముద్రపు రొయ్యకు ఇప్పుడు ధర కట్టేది సముద్రం ఒక్కటే కాదు. 2009లో వనామి రకానికి దేశంలో అనుమతి లభించిన తరువాత చెరువు రొయ్య ఎగుమతి బజారును ఆక్రమించింది. 2023-24లో దేశం నుంచి 17,81,602 టన్నుల మత్స్య సంపద, 60,523.89 కోట్ల రూపాయల విలువకు ఎగుమతి కాగా, అందులో గడ్డకట్టించిన రొయ్య విలువే 40,013.54 కోట్లు. ఇందులో అధిక భాగం చెరువులది. తాబేళ్ళు తప్పించుకునే అమరిక ట్రాల్ వలలకు లేదన్న కారణంపై సముద్రపు రొయ్య దిగుమతిని అమెరికా 2018-19లో నిలిపివేసింది. అందుచేత సముద్రపు రొయ్యను జపాను, యూరపు, దేశీయ హోటళ్ళ గిరాకీ చూసి కొనాలి. పెద్ద సైజు టైగరుకు తన బజారు తనకు వుంది. చిన్న సైజు మాత్రం చెరువు రొయ్య ధర వెంట నడవక తప్పదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు వనామి వ్యాపారంలో వచ్చిన కలవరం వంటిది హార్బరు దళారికి కూడా సంబంధించిన వార్తే.

ఈ వరద నెలల్లోనే పులస. సముద్రంలో వున్నంతకాలం అది ఇలస. ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. పుస్తెలు అమ్మి అయినా పులస తినాలన్న సామెత తెలిసిన జిల్లాల్లో దీని ధరకు హద్దు లేదు. రాబడి మాత్రం ఏటేటా సన్నగిల్లుతున్నది. ధర వున్నచోట కల్తీ వుంటుంది. సముద్రపు ఇలసను, ఒడిశా, బెంగాలు సరుకును పులస పేరుతో అమ్మడం వుంది. నదిలో పట్టిన చోటు, పట్టిన మనిషి తెలియని సరుకుకు పులస ధర ఇవ్వడం వర్తకం అనిపించుకోదు.

తుపాను నెలలు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వేట బాగా సాగే రోజులు, తుపానులు వచ్చే రోజులు ఒకటే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను, 2014 అక్టోబరు 12న విశాఖను కుదిపిన హుద్‌హుద్ అన్నీ ఈ కాలానివే. 1996లో సముద్రం మీద వున్న మత్స్యకారులు పెద్ద సంఖ్యలో తిరిగి రాలేదు. ఇప్పుడు హెచ్చరికలు ముందుగా అందుతున్నాయి. చేప గుంపులు వుండే చోట్లను ఉపగ్రహ సమాచారంతో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సూచిస్తున్నది. సముద్రపు నీటి వేడిమి, నీటిలోని పచ్చదనం ఎక్కడ మారుతున్నదో చూసి ఆ సూచన తయారవుతుంది.

తుపాను హెచ్చరిక బజారుపై రెండు విధాలుగా పని చేస్తుంది. హెచ్చరిక అందగానే దూరాన వున్న బోట్లన్నీ వేట సగంలో ఆపి ఒక్కసారిగా ఒడ్డుకు చేరతాయి. ఆ రోజు రాబడి ఎక్కువై ధర మందగిస్తుంది. తరువాత వరుసగా కొన్ని రోజులు సరుకు వుండదు, ధర బిగుస్తుంది. మొదటి రోజున కొని మంచులో వుంచగలిగినవారికి లాభం. కాని కరెంటు పోతే మంచు ఫ్యాక్టరీ ఆగుతుంది, రోడ్డు తెగితే లారీ ఆగుతుంది. జనరేటరు లేని కోల్డు స్టోరేజీని నమ్ముకుని తుపాను ముందు నిల్వ పట్టడం జూదమే. హెచ్చరిక వుండగా ధర ఆశతో బోటు యజమానిని వేటకు పొమ్మని ఒత్తిడి చేయడం అంతకన్నా ప్రమాదం. అక్కడ పోయేది సరుకు కాదు, కలాసీల ప్రాణాలు.

చలి నెలలు, ఎండు సరుకు

సంక్రాంతి దాటాక సముద్రం నెమ్మదిస్తుంది. చిన్న పడవలు కూడా దూరం పోగలుగుతాయి. విశాఖ జిల్లా, అనకాపల్లి జిల్లా తీర గ్రామాల వారు మోటారు అమర్చిన పడవలపై పోయి గాలాలతో పసుపు రెక్కల తూరను పడతారు. ఇది లోతు నీటి చేప, చిన్న పడవ వేట. ఒడ్డు పడవ అనగానే ఒడ్డు సరుకు అనుకోరాదనడానికి ఇదే ఉదాహరణ.

జనవరి నుంచి మే వరకు ఎండలు కాసే నెలలు ఎండు చేపకు అనుకూలం. నెత్తళ్ళు, సావిడాయలు, చిన్న సొరలు ఇసుక మీద, పందిళ్ళ మీద ఆరబెడతారు. రకాన్ని బట్టి మూడు నాలుగు కిలోల పచ్చి చేపకు ఒక కిలో ఎండు సరుకు దిగుతుంది. వేట విరామంలో, వానాకాలంలో ఎండు చేపకు గిరాకీ. ఇసుక అంటిన సరుకు, తేమ ఆరని సరుకు తూకంలో బాగా కనిపిస్తుంది. నెల తిరిగేసరికి బూజు పట్టి ఆ తూకమే నష్టంగా మారుతుంది.

మంచు, తరుగు

వేడి తీరంలో చేప విలువను కాపాడేది మంచు ఒక్కటే. చేపతో సమానమైన బరువు మంచు వుండాలన్నది ఉష్ణ ప్రాంతాలకు ఎంచిన మామూలు లెక్క. మంచు ఆదా చేసిన సరుకు రెండు మూడు గంటల్లోనే కన్ను గుంటపడి, మొప్ప నల్లబడి పట్టుబడుతుంది. తూర, కానాగంతల విషయంలో అంతకు మించిన ప్రమాదం వుంది. ఇవి వేడికి గురైతే మాంసంలో హిస్టమైన్ అనే విషపదార్థం తయారవుతుంది. వండినా, తిరిగి గడ్డకట్టించినా అది పోదు. ఎగుమతి సరుకు తిరస్కరణకు గురయ్యే కారణాల్లో ఇదొకటి. ఒకే తూర చేప వెంటనే మంచులో పడితే పచ్చిగా తినే ఖరీదైన బజారుకు, ఆలస్యమైతే డబ్బాల ఫ్యాక్టరీకి, ఇంకా ఆలస్యమైతే ఎండబెట్టేవారికి పోతుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఒక వర్తకుడు వెయ్యి కిలోల చేప కిలో 200 రూపాయల చొప్పున కొన్నాడు. సరుకు ఖరీదు 2 లక్షలు. మంచు, కూలి, పెట్టెలు, లారీ, కమీషను కలిపి 40 వేలు. దారిలో నీరు కారి 5 శాతం తరుగు పోతే 950 కిలోలు మిగులుతాయి. కిలోకు 253 రూపాయలు పలికితే గాని పెట్టుబడి తిరిగి రాదు. మిగిలినదానిలో పదో వంతు మెత్తబడి సగం ధరకే అమ్ముడైతే మంచి సరుకుకు 266 రూపాయలు పలకాలి. కిలోకు పదమూడు రూపాయల తేడా పాట దగ్గర పుట్టలేదు. మంచు దగ్గర పుట్టింది.

అడ్వాన్సులు

వేట విరామం రెండు మాసాలు బోటు యజమానులకు ఆదాయం వుండదు, ఖర్చు వుంటుంది. పడవ అడుగు గీకి రంగు వేయాలి, ఇంజను విప్పి బాగు చేయాలి, వలలు కుట్టాలి, కలాసీలకు ముందస్తు ఇవ్వాలి. మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే విరామ భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచారు. అది కుటుంబం గడవడానికి సాయం. బోటు మరమ్మతుకు డబ్బు ఎక్కువగా వర్తకుల నుంచి, దళారుల నుంచే వస్తుంది.

ఈ అడ్వాన్సుకు వడ్డీ పేరుతో గాక, సరుకు తనకే పోయాలన్న షరతుతో, కిలోకు ఇంత తగ్గింపుతో ప్రతిఫలం వుంటుంది. ఇందులో ఇద్దరికీ ప్రమాదం వుంది. తగ్గింపు మరీ ఎక్కువైతే సరంగు మంచి సరుకును దారిలోనే వేరే చోట దింపి, నాసి సరుకును అడ్వాన్సు ఇచ్చిన వర్తకుడికి తెస్తాడు. తగ్గింపు న్యాయంగా వుంటే రాబడి తక్కువైన రోజుల్లో కూడా బోటు ఆ వర్తకుడి రేవుకే వస్తుంది. పది బోట్లకు పలచగా ఇచ్చిన డబ్బు కన్నా, వల రకం, సరంగు అనుభవం, మంచు గది స్థితి చూసి నాలుగు బోట్లకు ఇచ్చిన డబ్బు భద్రం. ఒడ్డు వేట పడవలకు, లోతు వేట బోట్లకు అడ్వాన్సును విడదీసి ఇవ్వడం కూడా మంచిది. ఒక దానికి చెడు నెల మరొక దానికి మంచి నెల కావచ్చు.

చిన్న సైజు సరుకు

విరామం తరువాత తొలి వారాల్లో వచ్చే సరుకులో చిన్న సైజు ఎక్కువగా వుండటం వర్తకులకు తెలిసినదే. విరామంలో పుట్టి పెరుగుతున్న పిల్ల చేప అప్పటికి వలకు అందే సైజుకు వచ్చి వుంటుంది. ఉష్ణ సముద్రంలో చేపలు ఏడాదిలో చాలా నెలలు గుడ్లు పెడతాయి. రెండు మాసాల విరామం అన్ని రకాలకూ రక్ష కాదు. సన్న కన్ను వలలో పడ్డ ఈ పిల్ల చేప తినే బజారుకు పనికిరాక, చేపల పొడి ఫ్యాక్టరీకి నామమాత్రపు ధరకు పోతుంది. ఆ చేపే నాలుగైదు మాసాలు ఆగి పట్టుబడితే బరువు ఎన్నో రెట్లు, ధర అంతకన్నా ఎక్కువ. కేరళ 2015 నుంచి కొన్ని రకాలకు కనీస సైజు నిర్ణయించి, అంతకన్నా చిన్నవి పట్టడాన్ని నిషేధించింది. దీపాల వెలుగుతో చేపను ఆకర్షించి పట్టడాన్ని, రెండు బోట్లు కలిసి ట్రాల్ లాగడాన్ని కేంద్రం 2017లోనే నిషేధించింది.

ఇది ప్రభుత్వానికి, మత్స్యకారులకు సంబంధించిన విషయమని వర్తకులు అనుకోవడానికి వీలు లేదు. పిల్ల చేపకు కొనుగోలుదారుడు లేకపోతే దానిని పట్టే బోటు డీజిలు ఖర్చు రాదు. జూన్‌లో చవకగా దొరికిందని కొన్న పిల్ల వంజరం, పిల్ల చందువా నవంబరులో తమ సొంత కోల్డు స్టోరేజీకి రావలసిన సరుకే. శాండ్‌హెడ్స్ రొయ్య వ్యాపారానికి పట్టిన గతి విశాఖ పాత వర్తకులకు గుర్తు వుండే వుంటుంది.

గమనించవలసిన తేదీలు

ఏప్రిల్ 14కు ముందు పక్షం రోజుల్లో నిల్వకు తగిన లోతు సరుకు మాత్రమే కొనాలి. జూన్ 1 నుంచి 14 వరకు నిల్వలు అమ్ముకోవాలి. జూన్ 15 నుంచి జూలై నెలాఖరు వరకు ఒడ్డు సరుకును పడమటి బజార్లకు తిప్పాలి గాని, ఆ ధరకు ఆగస్టు సరుకు మాట ఇవ్వరాదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో రొయ్యను, గోదావరి వరదను కలిపి చూడాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాతావరణ హెచ్చరిక చూడకుండా దూరపు బజారుకు లారీ ఒప్పుకోరాదు. జనవరి నుంచి ఎండు సరుకు, తూర. ఈ వరుసలో ఏ తేదీనైనా పాట దగ్గర నిలబడిన వర్తకుడు ధర అడిగేముందు బోటు ఎన్నాళ్ళ కిందట, ఏ దిక్కుకు, ఎంత లోతుకు పోయిందో సరంగును అడిగి తెలుసుకోవడం మేలు.